నల్లకాడ గొడుగు నివాస నిర్ధారణ

ఈ భూమ్మీద ఏదీ మొలిచినంత మాత్రాన ఉన్నట్టు కాదు. అది ఉన్నదని ఒక ఆఫీసు రాసుకోవాలి, ఆ కాగితానికి ఒక నంబరు పడాలి, ఆ నంబరు కింద ఒక పెద్దమనిషి సంతకం గిలకాలి. అప్పటిదాకా అది ఎంత పచ్చగా ఉన్నా, ఎంత వాసన వేసినా, నలుగురు కూర వండుకుని తిని చేతులు కడుక్కున్నా, ప్రభుత్వ దృష్టిలో అది వట్టి వదంతి.

ఈ సత్యాన్ని నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. జడ్చర్లలో ఆముదాల గోదాము పక్కన రేకుల ఇంట్లో నడిచిన వన్యవస్తు నిర్ధారణ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి తెలుసుకున్నాను. (ఆ ఆఫీసు పేరు మీరు విని ఉండరు. అది మా పనితనానికి నిదర్శనం.) గుట్టల్లో, చెలకల్లో దొరికే గుర్తు తెలియని వస్తువులను గుర్తు తెలిసినవిగా మార్చడం మా విధి. 1961 దాకా మా దగ్గరికి గుర్తు తెలియని వస్తువు ఒక్కటీ రాలేదు. అందువల్ల ఆఫీసు ఎంతో సమర్థంగా నడిచింది.

ఆ ఏడు తొలకరి ఉరుములు పడ్డ వారానికి ఒక ఉత్తరం వచ్చి మా ప్రశాంతతను చెడగొట్టింది. రాసినాయన హైదరాబాదులో మొక్కల శాస్త్రం చెప్పే పంతులు. కర్నూలు బస్సు కోసం జడ్చర్లలో దిగి, బస్టాండు దగ్గర ఒకామె మోదుగాకుల్లో పెట్టుకుని అమ్ముతున్న పుట్టగొడుగులను చూసి, బస్సు వదిలేసుకున్నాడట. కాడ బొగ్గుతో రుద్దినంత నలుపు. గొడుగు కింది చారలు లేత గులాబీ. కాడ పుట్టలోకి మూరెడు లోతు దిగి ఉంటుంది. వాసన, కొత్త కుండలో పోసిన నీళ్లది. "ఇది నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు. బొమ్మ గీసుకున్నాను, నమూనా పరదేశంలోని పెద్దలకు పంపుతున్నాను. ఇది ఎక్కడ మొలుస్తుందో కనుక్కుని ఆ జాగాను కాస్త చూసుకోగలరు" అని ముగించాడు.

"చూసుకోగలరు" అన్నాడు పాపం. ఆఫీసులు ఎలా చూసుకుంటాయో శాస్త్రవేత్తలకు తెలియదు.

బస్టాండు దగ్గర అమ్మినామె పేరు నర్సింగమ్మ. మాకు పదకొండు మైళ్ల దూరంలో ఉన్న ఎర్రగుంటపల్లిలో కూలి మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. భూదానాల గాలి బాగా వీచిన రోజుల్లో ఆ ఊరి దొరవారు కూడా నలుగురితో పాటు పేరు తెచ్చుకోదలచి, తమ భూమిలోంచి రెండెకరాల ఎర్ర చెలక ఆమె పేర రాసిచ్చారు. అందులోని రాళ్లన్నీ ఏరి పరిస్తే ఇంకో రెండెకరాలు వచ్చేట్టు ఉండేది. దానపత్రం రాసిన మున్షీ కృష్ణయ్య చివర ఒక వాక్యం చేర్చాడు: 1961 ఉగాది నుంచి మూడేళ్లలోగా భూమిని సాగులోకి తేని పక్షంలో అది తిరిగి దాతకు చెందును. నర్సింగమ్మ, ఆమె భర్త జానయ్య ఆ ఎండాకాలమంతా రాళ్లు ఏరారు. వాళ్లింట్లో అంతకు ముందు ఏ తరంలోనూ జానెడు భూమి లేదు.

ఆ చెలక నడిమధ్యన ఒక పుట్ట. ఆ పుట్ట మీదే నల్లకాడ గొడుగు. ఆ మాటకొస్తే జిల్లా మొత్తంలో అది మొలిచే చోటు అదొక్కటే. అది ఎప్పుడు వస్తుందో, ఎలా మెలితిప్పి తీయాలో, తీశాక గుంతలో మన్ను ఎలా కప్పాలో నర్సింగమ్మకు తల్లి నేర్పింది. ఊళ్లో అందరికీ ఆ పుట్ట తెలుసు. తెలియనిదల్లా ప్రభుత్వానికే.

అప్పటికి మా నిర్ధారణాధికారి వేదాద్రి గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలయింది. చెడ్డవాడు కాదు. నియమాలు చదివేవాడు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉంటే ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

ఆయన మొదట ఫారం వెతికారు. గొడుగు నివాసాన్ని నిర్ధారించే ఫారం మా దగ్గర లేదు. మనిషి నివాసాన్ని నిర్ధారించే ఫారం మాత్రం కట్టలు కట్టలుగా ఉంది. ముల్కీ సర్టిఫికెట్ల కోసం అచ్చు వేయించినవి. "ఇదే వాడదాం, కాగితం వృథా కాకూడదు" అన్నారు. పేరు: నల్లకాడ. తండ్రి పేరు: తెలియదు. వృత్తి: మొలుచుట. అయిదో కాలమ్ దగ్గర కలం ఆగింది. ఈ ప్రాంతంలో పదిహేనేళ్లు ఎడతెగకుండా నివసించినట్టు రుజువు కావాలి. గొడుగు ఏడాదికి మూడు రోజులు కనిపిస్తుంది. వేదాద్రి గారు కాగితం మీద లెక్క వేశారు. ఆ చొప్పున పదిహేనేళ్ల నివాసం పూర్తి కావడానికి పద్దెనిమిది వందల ఇరవై అయిదు సంవత్సరాలు పడుతుంది. ఆయన ఉదారంగా "తాత్కాలిక నివాసి" అని రాసి ముందుకు నడిచారు.

తర్వాత గుర్తింపు. మా నియమావళి ప్రకారం ఏ వస్తువునైనా ఆఫీసులో ఉన్న ప్రామాణిక నమూనాతో పోల్చి గుర్తించాలి. నమూనా ఉంటే అది అరుదైనది కాదు. అరుదైనదైతే నమూనా ఉండదు. నమూనా లేకపోతే గుర్తించడం కుదరదు. ఈ మూడు వాక్యాలనూ వేదాద్రి గారు వరసగా మూడుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, "ఎంత కట్టుదిట్టంగా రాశారయ్యా" అని మెచ్చుకున్నారు.

ఇక ఆ జాగాను చూసుకోవడం మిగిలింది. నిర్ధారణ పూర్తయ్యేదాకా గొడుగు నివాసం చుట్టూ నూరు గజాల మేర నాగలి, పార, పశువు ప్రవేశించరాదని ఉత్తర్వు తయారైంది. నర్సింగమ్మ చెలక ఏ మూల నుంచి కొలిచినా పుట్టకు నూరు గజాల లోపే ఉంది. అంటే రెండెకరాలూ నివాసంలో పోయాయి. అంతటితో ఆగక ఆ గుండ్రం తూర్పు గట్టు దాటి దొరవారి పొలంలోకి కూడా పాకింది. కొలవడానికి ఊరికి వెళ్లిన ఆ మధ్యాహ్నం మా అందరికీ దొరవారి గడిలో భోజనం పెట్టారు. (నాటుకోడి. నాకు వసారాలో వేశారు. రుచిలో తేడా లేదు.) భోజనం తర్వాత వేదాద్రి గారు పటం మరోసారి చూసి, గొడుగుకు గట్టు దాటే స్వభావం లేదని అభిప్రాయపడ్డారు. ఉత్తర్వులో గుండ్రాన్ని గట్టు దగ్గర తెగ్గోశాం.

నాలుగో రోజున నర్సింగమ్మ ఆఫీసుకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"సారూ, పదును పోతాంది. ఇప్పుడు దున్నకుంటె ఎప్పుడు దున్నాలె? మూడేండ్లల్ల సాగు జెయ్యాలని కాయిదంల రాసిండ్రు."

"గొడుగు సంగతి తేలేదాకా ఆగాలమ్మా" అన్నారు వేదాద్రి గారు.

"గొడుగుకు నాగలంటె భయం లేదు సారూ. పుట్ట సుట్టు నాలుగు మూరలు ఇడిసిపెట్టి దున్నుతం. గా చెలక దొర కింద ఉన్నప్పుడు మా నాయిన గట్లనే దున్నిండు. జొన్నలూ పండినయి, గొడుగూ మొలిసింది."

"నాలుగు మూరలని మా నియమాల్లో లేదు. నూరు గజాలని ఉంది. పెట్టినవాళ్లు ఆలోచించకుండా పెడతారా?"

(పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు. ఏనుగులు నడిచే దారుల కోసం రాసిన నియమం అది. ఒక పాత ఫైల్లో నేను తర్వాత చూశాను. మా దాకా వచ్చేసరికి ఏనుగు మాట రాలిపోయి గజాలు మిగిలాయి.)

నర్సింగమ్మ నా వైపు తిరిగింది. నేను ఆ పక్క ఊరివాణ్ణేనని ఆమెకు తెలుసు. "నువ్వన్న జెప్పు బిడ్డా" అంది. నేను ఫైలు కట్టకు తాడు బిగిస్తూ, "జర ఓపిక పట్టమ్మా" అన్నాను. ఓపిక మీద మా ఆఫీసు ఏ పరిమితీ విధించలేదు. అది ఎంతైనా పట్టవచ్చు.

మొదటి ఏడు అలా పోయింది.

1962లో నర్సింగమ్మకు ఒక ఆలోచన వచ్చింది. (జనానికి ఆలోచనలు రావడం వల్లే ఆఫీసులకు పని పెరుగుతోంది.) గొడుగును అధికారి చూస్తే గానీ నిషేధం పోదు. గొడుగు ఉన్న మూడు రోజుల్లో అధికారి రావడం లేదు. కాబట్టి గొడుగే అధికారి దగ్గరికి పోవాలి. ఉరుములు పడ్డ మూడో పొద్దున పుట్ట మీద మొలిచినవాటిలో మంచిది ఒకటి మెలితిప్పి తీసి, మోదుగాకుల్లో చుట్టి, పదకొండు మైళ్లు నడిచి వచ్చి, పది గంటలకల్లా నా బల్ల మీద పెట్టింది. ఆకు విప్పగానే గదంతా కొత్త కుండ వాసన. అంత అందమైన వస్తువు ఆ బల్ల మీదికి ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు.

వేదాద్రి గారు మీటింగు మీద హైదరాబాదు వెళ్లారు. ఆఫీసుకు వచ్చిన ప్రతి వస్తువు మీదా ఇన్‌వర్డ్ ముద్ర వేయాలని నియమం. ముద్ర వేశాను. ఇన్‌వర్డ్ నంబరు నలభై ఏడు. గొడుగు రెండుగా చీలింది గానీ తేదీ స్పష్టంగా పడింది.

నర్సింగమ్మ చూస్తూ నిలబడింది. "గట్ల గుద్దుతరా బిడ్డా?" అంది చిన్నగా. నాకు సిగ్గేసింది. కానీ సిగ్గు రాసుకోవడానికి రిజిస్టరులో కాలమ్ లేదు కనుక ట్రేలో పెట్టి మూత వేశాను.

నాలుగో రోజున వేదాద్రి గారు వచ్చి మూత తీశారు. వెంటనే పెట్టేశారు. తర్వాత కిటికీ దగ్గర నిలబడి నాతో రాయించారు: "నమూనా సరైన మార్గంలో రాలేదు. నివాసం నుంచి అధికారే స్వయంగా సేకరించవలెను. పైగా వచ్చినది నమూనా కాదు, ద్రవం."

అన్యాయం చేశామని ఎవరూ అనకుండా ఆయన గొడుగుకు మరో అవకాశం ఇచ్చారు. జూలై ఇరవయ్యో తేదీ ఉదయం పదకొండు గంటలకు నివాసంలో హాజరుగా ఉండవలెనని నోటీసు రాయించి పుట్టకు అంటింపజేశారు. చెప్పిన తేదీకి చెప్పిన గంటకు జీపులో వెళ్లాం. గొడుగు లేదు. మూడు వారాల కిందటే వచ్చి వెళ్లిపోయింది. నోటీసు కూడా లేదు. చెదలు తినేశాయి. "నోటీసు అందినది, ప్రతివాది గైర్హాజరు" అని నమోదు చేసుకుని వచ్చేశాం.

ఆ పొద్దు జానయ్య గట్టు మీద కూర్చుని నాగలికి కర్రు బిగిస్తున్నాడు. దున్నేది లేకపోయినా రోజూ బిగించి, విప్పి, మళ్లీ బిగిస్తాడట. "పనిముట్టుకు తుప్పు వట్టొద్దు గదా సారూ" అన్నాడు. రెండో ఏడు కూడా అలా పోయింది.

మూడో ఏడు ఆఖరు ఏడు. ఇది నర్సింగమ్మకు తెలుసు, దొరవారికి తెలుసు, మున్షీ కృష్ణయ్యకు మరీ బాగా తెలుసు. మా ఆఫీసుకు మాత్రం ప్రతి ఏడూ ఒకటే. అయితే ఆ ఏడు ఉరుములు పడగానే నర్సింగమ్మ గొడుగు తేలేదు. మనిషి వచ్చింది. వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. "మీరు జీపు ఎక్కేదాకా లేవ" అంది. ఒక పగలంతా కూర్చుంది. ఆఫీసు ముందు మనుషులు కూర్చోవడం గురించి నియమావళిలో ఏమీ లేకపోవడంతో వేదాద్రి గారు ఇరుకున పడి, మర్నాడు పొద్దున జీపు తీయించారు.

ఈసారి గొడుగులు హాజరుగా ఉన్నాయి. పదీ పన్నెండు దాకా ఉన్నాయి. నల్ల కాళ్ల మీద తెల్లగా, పుట్టంతా గుంపుగా నిలబడి ఉన్నాయి. వేదాద్రి గారు కూడా ఒక్క నిమిషం టోపీ తీసేశారు. తర్వాత పెట్టుకుని, "పద్నాలుగో నియమం చదవవయ్యా" అన్నారు.

చదివాను. నివాసాన్ని అధికారి తన కళ్లతో చూసినంత మాత్రాన చాలదు. స్థానికురాలు ఇద్దరు సాక్షుల ఎదుట కుడిచేతి వేలితో చూపాలి. ఆమె వేలి కొన ఏ దిక్కున ఉంటే ఆ దిక్కున సర్వేయరు గొలుసు పరచాలి. ఆ దారిలో మొదట తగిలే స్థిరమైన గుర్తును, అంటే చెట్టో, బండో, బావో, పుట్టో, దాన్ని నివాసంగా నమోదు చేయాలి. సాక్షులు మున్షీ కృష్ణయ్య, మా జీపు డ్రైవరు. సర్వేయరు బాలస్వామి. పంచనామా రాసేది నేను.

నర్సింగమ్మ తూర్పు గట్టు వైపు వీపు పెట్టి, పుట్టకు ఎదురుగా నిలబడింది. చెయ్యి చాచింది. చూపుడు వేలు మాత్రం కొక్కెంలా లోపలికి వంచింది.

"అదేమిటమ్మా, వేలు తిన్నగా పెట్టు" అన్నారు వేదాద్రి గారు.

"సాపొద్దు సారూ. పచ్చిదానికి ఏలు సాపితే కుళ్లిపోతది."

"ఎవరు చెప్పారు?"

"ఎవలు జెప్పుడేంది? గుమ్మడి పిందెకు గూడ సాపం. వంచి సూపెడ్తం. మీ దిక్కు సాపుతరా?"

వేదాద్రి గారి దిక్కు కూడా చాపరు. ఆయన మొహంలో అది కనిపించింది. కానీ జీపు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. "ఇది శాస్త్రీయ శాఖ. ఇక్కడ మూఢనమ్మకాలు పనికిరావు" అన్నారు.

"మూడేండ్ల సంది దున్నకుంటె ఊకున్న సారూ. గిది మాత్రం నాతోని గాదు. ఇవి కుళ్లితే పాపం నాకే తలుగుతది."

ఎండ ఎక్కింది. గడి నుంచి భోజనం సిద్ధమని అప్పటికే రెండుసార్లు కబురు వచ్చింది. వేదాద్రి గారు గడియారం చూసుకుని, "సరే, ఎలా చూపితే అలా రాసుకోండి. నియమం ప్రకారం కానివ్వండి" అని వెళ్లి జీపులో కూర్చున్నారు.

బాలస్వామి నియమం ప్రకారం కానిచ్చాడు. నర్సింగమ్మ చెయ్యి పుట్ట వైపు ఉంది. వంచిన వేలి కొన మాత్రం వెనక్కి, ఆమె వైపే తిరిగి ఉంది. బాలస్వామి ఆ కొన దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత గొలుసును ఆమె నడుము పక్క నుంచి వెనక్కి లాగాడు. గొలుసు చెలక దాటింది, తూర్పు గట్టు ఎక్కింది, దొరవారి పొలంలో దిగింది. దారిలో మొదట తగిలిన స్థిరమైన గుర్తు దొరవారి బావి. బాలస్వామి బావి గట్టుకు సున్నంతో చుక్క పెట్టి వచ్చి, సర్వే నంబరు నాతో మెల్లగా చెప్పాడు.

బాలస్వామి మంచి సర్వేయరు. అతని తల్లి ఇరవై ఏళ్లు గడిలో పాచిపని చేసింది. ఈ రెండు విషయాల్లో ఆనాడు ఏది పనిచేసిందో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఏమి రాస్తున్నానో నాకు తెలుసు. తెలిసే రాశాను. నా ఉద్యోగంలో ఒళ్లు పులకరించి రాసిన వాక్యం అదొక్కటే. ముద్ర ఉన్న కాగితం కనిపిస్తే చదవకుండా దస్తఖత్తు పెట్టడం కృష్ణయ్యకు అలవాటు. పెట్టాడు. వేదాద్రి గారు జీపు బానెట్టు మీద, ఆకలి మీద సంతకం చేశారు.

మూడో రోజున ఉత్తర్వు వెళ్లింది. నల్లకాడ గొడుగు శాశ్వత నివాసం దొరవారి బావి. దాని చుట్టూ నూరు గజాల మేర నాగలి, పార, పశువు నిషిద్ధం. అది దొరవారి వరి మళ్లన్నిటికీ నీళ్లిచ్చే బావి.

ఇక్కడ మా ఆఫీసు శక్తిని గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. రెండేళ్ల పైచిలుకు తేలని గొడుగు, ఉత్తర్వు అందిన నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య తేలిపోయింది. ప్రామాణిక నమూనా అక్కర్లేకపోయింది. గొడుగును చూడవలసిన పని కూడా లేకపోయింది. దొరవారు స్వయంగా కారులో వచ్చి వేదాద్రి గారితో తలుపు వేసుకుని మాట్లాడి వెళ్లారు. తలుపు తీశాక నాతో రాయించారు: "సదరు వస్తువు సాధారణ కుక్కగొడుగు. ఎక్కడ పడితే అక్కడ మొలుచును. దొరవారి సర్వే నంబరు మీది నిషేధం ఇందుమూలంగా రద్దు."

నర్సింగమ్మకు ఈ సంగతి తెలిసిన రోజునే జానయ్య నాగలి కట్టాడు. పదును ఇంకా ఉంది. పుట్ట చుట్టూ నాలుగు మూరలు వదిలి రెండెకరాలూ దున్నారు, ఆముదాలు పెట్టారు. ఆ ఏడు వానలు కూడా ఆలోచించి పడ్డాయి. నేను ఒక ఆదివారం ఆ దారిన పోతూ చూశాను. చెట్లు నడుమెత్తు లేచి, గాలికి ఆకులు వెనక్కి తిరుగుతున్నాయి. జానయ్య నన్ను చూసి చెయ్యి ఊపాడు. నాకు చాలా సంతోషమైంది. పైకి మాత్రం సైకిలు దిగలేదు.

ఆముదాలు కొట్టి బస్తాలకు ఎత్తాక, ఉగాదికి నెల ముందు, నర్సింగమ్మ మళ్లీ మా గుమ్మంలో నిలబడింది.

"బిడ్డా, నా చెలక మీద నిషేధం లేదని ఒక కాయిదం రాసియ్యి. కృష్ణయ్య అడుగుతాండు."

ఫైలు తీశాను. ఫైల్లో ఆమె సర్వే నంబరు లేదు. గొడుగు నివాసం బావి దగ్గరికి మారినప్పుడు ఫైలు కూడా దొరవారి నంబరుకు మారింది. రద్దయినది ఆ నంబరు మీది నిషేధం. ఆమె నంబరు మీది నిషేధాన్ని రద్దు చేయాలంటే ఆ నంబరుకు ఒక ఫైలు ఉండాలి. ఫైలు తెరవాలంటే అక్కడ గొడుగు నివాసం ఉండాలి. గొడుగు అక్కడ లేదని మేమే నిర్ధారించాం. ఇది ఆమెకు వేదాద్రి గారే ఎంతో ఓపికగా వివరించారు.

"అంటే నిషేధం ఉన్నట్టా, లేనట్టా?" అంది.

"ఉందమ్మా. కానీ ఎందుకు ఉందో కాగితం లేదు. నిజానికి నువ్వు నిషిద్ధ స్థలంలో దున్నావు. మేము చర్య తీసుకోవడం లేదు. మనిషికి కొంచెం కృతజ్ఞత ఉండాలి."

ఆ మాటకు ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఉగాది నాడు కృష్ణయ్య దానపత్రం తెచ్చి చివరి వాక్యం చదివాడు. నిషేధం ఉన్న కాలంలో చేసిన సాగు చట్టం దృష్టిలో సాగు కాదన్నాడు. ఆముదాల బస్తాలు ఆమె గుడిసెలో ఉన్నాయి. చట్టప్రకారం అవి మొలవలేదు. రెండెకరాలూ తిరిగి దాతకు చెందాయి. వైశాఖంలో దొరవారి కొత్త ట్రాక్టరు ఆ చెలకలో దిగింది. మొదట చదును చేసింది పుట్టనే.

ఆగస్టులో హైదరాబాదు నుంచి శాస్త్రం పంతులు ఉత్తరం మరొకటి వచ్చింది. ఆయన మహదానందంగా ఉన్నాడు. మూడేళ్లు పరీక్షించి పరదేశంలోని పెద్దలు తేల్చారట: అలాంటి గొడుగు ఇంకెక్కడా లేదు. "ఆ జాగాను ఇన్నాళ్లూ చూసుకున్నందుకు కృతజ్ఞతలు" అని రాశాడు.

ఆఫీసులో మిఠాయిలు పంచారు. రికార్డుల ప్రకారం గొడుగు నివాసం బావి గనుక, బావి పక్కనే రాయి నాటారు. వరి మళ్లకు ఇబ్బంది కలగకూడదని ఈసారి నియమాన్ని సవరించారు. చుట్టూ నాలుగు మూరలు వదిలితే చాలునట. గొడుగును మొదట గుర్తించినవారిగా వేదాద్రి గారి పేరు, సంరక్షించినవారిగా దొరవారి పేరు రాతి మీద చెక్కారు. దొరవారికి శాలువా కప్పారు. స్థానిక విజ్ఞానాన్ని గౌరవించాలని పై నుంచి సలహా రావడంతో రాతి అడుగున ఒక హెచ్చరిక కూడా చెక్కించారు: "ఇచట వేలు చాపరాదు." కాపలాకు ఇద్దరు మనుషులను వేశారు. ఏ గొడుగుకు కాపలా అని వాళ్లు అడగలేదు. అడగకపోవడం వల్లే ఎంపికయ్యారు.

ఆ డిసెంబరులో పెద్ద అధికారి ఒకాయన తనిఖీకి వచ్చారు. రాయి చూశారు, నీళ్లు తాగారు, అంతా బాగుందన్నారు. ఆ పక్క మడిలో ఆడకూలీలు నాట్ల కోసం నారు పీకుతున్నారు. అందులో నర్సింగమ్మ ఉంది. తన రెండెకరాలకు గట్టు ఇవతల, మోకాటి లోతు బురదలో, దొరవారి కూలికి. పెద్ద అధికారి ముచ్చటపడి, "ఏమ్మా, గొడుగు ఎక్కడ మొలుస్తుందో నీకు తెలుసా?" అని అడిగారు.

ఆమె నడుము ఎత్తింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కుడిచెయ్యి చాచింది. ఎప్పటిలా వేలు వంచుతుందనుకున్నాను. వంచలేదు. తిన్నగా, నిటారుగా చాపి, బావి వైపు కాదు, చెలక వైపు కాదు, జీపు పక్కన వరసగా నిలబడ్డ మా వైపు పెట్టింది. పెద్ద అధికారి, వేదాద్రి గారు, కృష్ణయ్య, నేను. ఆ వేలు ఒక్కొక్కరి దగ్గరా కాసేపు ఆగింది. నా దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగింది.

"మంచిగ సూస్కోండ్రి సారూ" అంది. "ఈసారి వంచలే."

పెద్ద అధికారి నవ్వి, జీపెక్కారు.

మా శాఖ శాస్త్రీయ శాఖ గనుక ఈ విషయంలో కూడా పరిశీలన జరిపి ఫలితాన్ని నమోదు చేయడం నా విధి. నర్సింగమ్మ మా ఆఫీసు వైపు వేలు చాపి అయిదేళ్లయింది. రేకుల ఇల్లు పోయి డాబా వచ్చింది. కొత్తగా ఆరు ఉద్యోగాలు మంజూరయ్యాయి. వేదాద్రి గారికి ప్రమోషను వచ్చింది, నాకూ వచ్చింది. కిందటి నెల పై అంతస్తు కూడా లేచింది. ఎక్కడా కుళ్లిన జాడ లేదు. కావున వేలు చాపితే కుళ్లుతుందన్నది వట్టి మూఢనమ్మకమేనని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.